ఫలక్‌నుమా ఎవరికి సత్రం?

హౌరా పోయే ఎక్స్‌ప్రెస్ రైలు మీద ఆ పేరు చూశాం. లింగంపల్లి నుంచి పాతబస్తీ మీదుగా వెళ్ళే లోకల్ రైలు నుదుట కూడా ఆ పేరే చూశాం. స్టేషన్ మైకులో రోజుకు ఎన్నిసార్లో వింటాం. అసలు ఫలక్‌నుమా అంటే రైలు పేరనే అనుకునేవాళ్ళు మన హాస్టల్లోనే ఉన్నారంటే మీరు నవ్వవద్దు. మొన్న ఒక రాత్రి మెస్సులో భోజనాల దగ్గర అడిగాను, "ఫలక్‌నుమా లోపలికి ఎవరైనా పోయారా?" అని. బల్ల చుట్టూ పదకొండుగురం ఉన్నాం. ఒకడు గేటు దాకా పోయాడట. ఇంకొకడి మేనమామ అక్కడ ఏదో పెళ్ళికి పువ్వుల అలంకరణ పని చేసి వచ్చాడట. అంతే. నేనూ పోలేదు. కనుక పాఠక మిత్రులు ముందే గ్రహించవలసింది ఏమంటే, ఇది గేటు బయట నిలబడినవాడు రాస్తున్న వ్యాసం.

గేటు బయటివాడికి ఈ సంగతి ఎందుకయ్యా అంటారేమో. దానికి ఒక కారణం ఉంది.

మాది మధిర దగ్గర ఒక పల్లె. మా ముత్తాత కట్టించిన మండువా లోగిలి ఒకటి ఉంది. ముందు రెండు అరుగులు, వసారా, నడుమ ఆకాశం కనబడే మండువా, చుట్టూ టేకు స్తంభాలు, వెనక వంటిల్లు, పెరడు, నుయ్యి. పెంకులు జారిపోతున్నాయి, ఒక దూలానికి చెద పట్టింది. ఇప్పుడు అందులో మా నాయనమ్మ ఒక్కతే ఉంటోంది. మొన్న సంక్రాంతికి పెదనాన్న, నాన్న, బాబాయి కూర్చుని దాన్ని ఏం చెయ్యాలా అని మాట్లాడుకున్నారు. పడగొట్టి స్థలం పంచుకుందామని పెదనాన్న. టౌను నుంచి ఒకాయన వచ్చాడు, బాగుచేసి పట్నం వాళ్ళకు అద్దె గదులుగా ఇస్తాడట, ఇల్లు నిలుస్తుంది కదా అని బాబాయి. నాన్న ఏమీ అనలేదు. నాయనమ్మ మాత్రం స్తంభానికి ఆనుకుని కూర్చుని, "అయితే మన ఇంటిని పూటకూళ్ళ ఇల్లు చేస్తారన్నమాట!" అంది.

ఆ మాట నన్ను వదలలేదు. ఇల్లు సత్రం కావడం అవమానమా? కాక, అది ఇంటికి రెండో బతుకా? ఈ ప్రశ్నకు మన నగరంలో అన్నిటికంటె పెద్ద ఉదాహరణ ఫలక్‌నుమా. అందుకని దాని చరిత్ర లైబ్రరీలో దొరికినంత చదివాను.

ఫలక్ అంటే ఆకాశం, నుమా అంటే చూపేది, పోలినది. చార్మినారుకు దక్షిణంగా సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో ఒక గుట్ట మీద ఉంది కనుక ఆ పేరు తగినదే. చాలామంది అనుకున్నట్టు దాన్ని కట్టించింది నిజాం నవాబు కాదు. కట్టించినవాడు నవాబ్ వికారుల్ ఉమ్రా. పైగా వంశం వాడు. పైగాలంటే నిజాం తరువాత అంతటి ప్రభువులు. నిజాం కోసం సైన్యాన్ని పోషించాలన్న షరతు మీద వారికి పెద్ద పెద్ద జాగీర్లు ఉండేవి. ఈయన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ సోదరిని పెళ్ళాడాడు. 1890ల్లో హైదరాబాదు సంస్థానానికి ప్రధానమంత్రిగా కూడా పనిచేశాడు.

1884 మార్చి 3న శంకుస్థాపన. పని తొమ్మిదేళ్ళు నడిచింది. ప్లాను గీసినవాడు విలియం వార్డ్ మారెట్ అనే ఆంగ్లేయుడు. ఇటలీ నుంచి పాలరాయి వచ్చింది. ముందువైపు యూరపు పద్ధతిలో రెండంతస్తుల స్తంభాల వరస, రెండు పక్కలకూ చేతులు చాచినట్టు సాగిన భాగాలు. పైనుంచి చూస్తే భవనం మొత్తం తేలు ఆకారంలో ఉంటుందని చెబుతారు. లోపల అడుగుపెట్టగానే పాలరాతి ఫౌంటెను, చిత్రాలు వేసిన పైకప్పు. అక్కడినుంచి పైకి పోయే మెట్లదారి పాలరాతిదే. దాని పిట్టగోడ మీద దీపాలు పట్టుకున్న శిల్పాలు, పక్క గోడల మీద ఆనాటి దొరల చిత్రపటాలు. గ్రంథాలయం పైకప్పు ఇంగ్లండులోని విండ్సర్ కోట గ్రంథాలయాన్ని చూసి చేసిందని ప్రసిద్ధి. ఇక భోజనశాల సంగతి అందరికీ తెలిసిందే. ఒకే బల్లకు నూటొక్క మంది కూర్చోవచ్చు! మన మెస్సులో బల్లకు పన్నెండు మందిమి కూర్చుంటేనే మోచేతులు తగులుతాయి.

ఈ వైభవాన్ని వర్ణించి చేతులు దులుపుకోవడం నా ఉద్దేశం కాదు. నన్ను ఆశ్చర్యపరచింది ఇంకొకటి. మొహం యూరపుదే గాని, ఇంటి పొందిక మాత్రం మనదే. ముందువైపు ఉన్నది మర్దానా, అంటే మగవాళ్ళ భాగం. దర్బారు, అతిథులు, విందులు అన్నీ అక్కడే. వెనకవైపు జనానా, గోల్ బంగళా, వంటశాలలు. ముందు భాగం పని ఇంకా సాగుతుండగానే నవాబు గారు 1890లో వెనక భాగంలో కాపురం పెట్టి, అక్కడినుంచి పని చూసుకున్నారట. మా ఊరి లోగిలి కూడా ఇంతేగా? వచ్చినవాళ్ళకు అరుగు, పెద్దమనుషులకు వసారా, నడుమ మండువా, ఆడవాళ్ళకు లోపలిల్లు. ఎంతటి వాడి ఇల్లయినా ఎవరు ఎందాకా రావచ్చో గోడలే చెప్పేవి. కొలతలు వేరు, మర్యాద ఒకటే. గుట్ట మీది నవాబుకూ పల్లెలోని మా ముత్తాతకూ ఈ ఒక్క విషయంలో చుట్టరికం ఉందని నాకు తోచింది.

ఇంకొక చుట్టరికం కూడా ఉందిలెండి. అది అప్పుల చుట్టరికం! ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వికారుల్ ఉమ్రా ఇల్లు కట్టి చూశాడు. ప్రధానమంత్రి అయినా, పైగా ప్రభువయినా, ఆ ఖర్చుకు తట్టుకోలేక అప్పుల్లో పడ్డాడు. అప్పుడు ఆయన బేగం ఒక ఉపాయం చెప్పిందని కథ. నిజాం గారిని అతిథిగా పిలవడం, ఇల్లు బాగుందని ఆయన అనగానే, "హుజూర్, ఇది మీదే" అనడం. నిజాం గారు ఇల్లు పుచ్చుకుని సొమ్ము ఇప్పించారట. ఇందులో కథ ఎంతో, నిజం ఎంతో గాని, 1890ల చివర ఆ భవనం నిజాం పరమైన మాట వాస్తవం. వికారుల్ ఉమ్రా 1902లో చనిపోయాడు. ప్రేమతో కట్టుకున్న ఇంట్లో ఆయన ఉన్నది కొద్ది సంవత్సరాలే.

ఇక్కడ గమనించండి. నిజాం చేతికి పోగానే అది రాజ్యం వారి అతిథి గృహంగా మారింది. ఐదవ జార్జి, మేరీ రాణి వంటి వారు అక్కడ బస చేశారు. అంటే ఫలక్‌నుమా సత్రం కావడం ఇవాళ్టి సంగతి కాదు, నూరేళ్ళ పైమాటే. ఒకరి ఇల్లుగా బతికిన కాలం కంటే పదిమంది అతిథుల ఇల్లుగా బతికిన కాలమే ఎక్కువ. మహబూబ్ అలీ పాషా 1911 ఆగస్టు 29న కన్నుమూసింది కూడా అక్కడే. ఆ తరువాత దాని అదృష్టం క్రమంగా తగ్గింది. ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ కింగ్ కోఠీలోనే ఉండిపోయాడు. 1948లో పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు వచ్చి ఉన్నారు. చెప్పుకోదగ్గ అతిథుల్లో ఆయనే ఆఖరివారంటారు. 1967లో ఏడవ నిజాం మరణించాడు. 1971లో రాజభరణాలు పోయాయి. పైన పన్నులు, వారసుల మధ్య కోర్టు తగాదాలు. తలుపులకు తాళాలు పడ్డాయి. ఇంకేముంది, దుమ్ము, గబ్బిలాలు, వాన నీరు, చెద.

జాగీర్లు రద్దయినందుకు కన్నీరు కార్చేవాణ్ణి కాను నేను. ఆ పాలరాయి ఎవరి డబ్బుతో వచ్చింది? జాగీరు గ్రామాల్లో దున్నినవాడు కట్టిన శిస్తుతో వచ్చింది. వెట్టి చేసినవాడి చెమటతో వచ్చింది. ఆ వ్యవస్థ పోయి తీరవలసిందే, పోయింది. కాని వ్యవస్థ పోవాలి గాని, ఆ చెమట గట్టిపడి గోడలైన చోటు ఎందుకు పోవాలి? అది కూలిపోతే ప్రభువుకు పోయేదేమీ లేదు. పోయేది మనది.

కూలిపోవడం అంటే ఏమిటో చూడాలంటే మన నగరంలో దూరం పోనక్కరలేదు. బషీర్‌బాగ్‌లో బస్సు దిగి ఎన్నిసార్లు నడిచి ఉంటాం! అది ఒక ప్యాలెస్ పేరని ఎంతమందికి తెలుసు? పైగాల్లోనే ఇంకొకడు, సర్ ఆస్మాన్ జా కట్టించింది. ప్యాలెస్ పోయింది, బస్సు స్టాపు మిగిలింది. సాలార్‌జంగుల దివాన్ దేవిడీ ఏమైంది? దర్వాజాలు నిలబడ్డాయి, లోపలంతా బజారు. ఎర్రమంజిల్‌ను 2019లో పడగొట్టి కొత్త శాసనసభ కడతామని ప్రభుత్వం తలపెడితే, ఆ ఏడు సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేయబట్టి బతికింది. అంతకు ముందు 2015 డిసెంబరులో, వారసత్వ కట్టడాలకు రక్షణగా ఉన్న నగర నిబంధననే తొలగించిపారేశారు. తరువాత 2017లో కొత్త చట్టం వచ్చింది. చట్టం వచ్చింది సరే, గోడలకు సున్నం ఎవరు కొడతారు? అసలు ప్రశ్న అదీ.

ఇలాంటి పరిస్థితిలో ఫలక్‌నుమాకు ఏమైంది? నిజాం మనుమడు ముకర్రం జా మొదటి భార్య ఎస్రా గారు పూనుకుని, తాజ్ హోటళ్ళ వారికి దీర్ఘకాలపు లీజు మీద ఇప్పించారు. మరమ్మతులు పది సంవత్సరాల పాటు జరిగాయి. కట్టడానికి పట్టినంత కాలం బాగుచెయ్యడానికీ పట్టిందన్నమాట! సున్నపు పూత పోయినచోట సున్నమే వెయ్యాలి, సిమెంటు వేస్తే పాత గోడ ఊపిరి ఆడక పొట్టలు పొట్టలుగా రాలుతుంది. బట్టలు, తెరలు, బల్లలు, రంగుటద్దాలు, పైకప్పు చిత్రాలు అన్నిటికీ పాత ఫొటోలు చూసి, తెలిసినవాళ్ళను పిలిచి పని చేయించారు. 2010 నవంబరులో అది హోటలుగా తలుపులు తెరిచింది. సుమారు అరవై గదులు. 2017 నవంబరు 28న ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు సందర్భంగా ప్రధాని మోదీ గారు, ఇవాంకా ట్రంప్ గారు భోంచేసింది ఆ నూటొక్క మంది బల్ల దగ్గరే.

దీన్ని చూసి కొందరు మన మిత్రులు, "రాజుల కొంప షావుకార్ల పాలయింది, అంతేగా!" అని ఎగతాళి చేస్తారు. నేను వారితో ఏకీభవించను. ఆ సమయంలో దానికి వేరే దిక్కు ఎవరు? ప్రభుత్వం దగ్గర ఉన్న పాత భవనాల గతి చూస్తూనే ఉన్నాం, చెట్లు మొలుస్తున్నాయి. ముప్ఫై రెండు ఎకరాల గుట్ట, అన్ని వందల తలుపులు, కిటికీలు. రోజూ తుడిచేవాడు, వాన కురిస్తే ఎక్కడ కారుతుందో చూసేవాడు ఉండాలి. మనిషి మసలని ఇల్లు మూడేళ్ళకు పాడుపడుతుంది, ఈ మాట మా నాయనమ్మ కూడా చెబుతుంది. హోటలంటే నిత్యం మనుషులు మసలే చోటు. పొయ్యి వెలిగినంత కాలం ఇల్లు బతుకుతుంది. ఉదయపూర్ సరస్సు నడుమ ఉన్న జగ్‌నివాస్ 1960ల్లోనే హోటలయింది, జైపూర్ రాంబాగ్ అంతకు ముందే అయింది. అవి ఇవాళ్టికీ నిలబడి ఉన్నాయి. కనుక ఇల్లు సత్రం కావడం తప్పు కాదు, అవమానం అంతకన్నా కాదు. ఈ మాట నేను మా నాయనమ్మతో కూడా అంటాను.

అయితే సత్రం అన్నాక సత్రానికి ఒక ధర్మం ఉంటుంది. నా పేచీ అక్కడ.

మన దేశంలో బాటసారి కోసం ఎన్నెన్ని పేర్లు! సత్రం, చావడి, ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానా, పూటకూళ్ళ ఇల్లు. సత్రంలో ఉచితం, పూటకూళ్ళ ఇంట్లో డబ్బు పుచ్చుకుంటారు. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ డబ్బు విషయంలో ఎంత గట్టిదో మనకు తెలుసు. ధర్మమే అన్నం పెట్టాలని నేను అనడం లేదు, డబ్బు పుచ్చుకోనివ్వండి. కాని ఈ పేర్లన్నిటిలోనూ ఉన్న అర్థం ఒకటే, దారినపోయేవాడు తలుపు తట్టవచ్చు. తట్టడానికి వీలులేని సత్రం ఏం సత్రం? మనబోటి వాళ్ళకు ఫలక్‌నుమాలో ఒక రాత్రి బస అంటే నెలల తరబడి మెస్సు బిల్లు. బస వద్దు, చూసి వస్తామంటారా? ముందుగా చెప్పుకుని భోజనానికో, తేనీటికో డబ్బు కట్టి రావాలి. పర్యాటక శాఖ వారు టికెట్టు పెట్టి నిజాం సౌధాల యాత్రలో చూపించిన రోజులూ ఉన్నాయి గాని, ఆ టికెట్టు కూడా కూలివాడి కొడుకు కొనగలిగింది కాదు.

ఇంకొక చిత్రం చూడండి. నాంపల్లి స్టేషను దగ్గర నిజంగా బాటసారుల కోసమే కట్టిన సరాయి ఒకటి ఉంది. ఏడవ నిజాం కాలంలో, 1919లో కట్టింది. రైలు దిగిన బీదవాడు రాత్రికి తల దాచుకోవడానికి. అది ఏళ్ళ తరబడి శిథిలమై, పైకప్పులు కూలి, పాడుపడి ఉంది. బాగుచేస్తామన్న మాటలూ, ప్రయత్నాలూ ఆలస్యంగా మొదలయ్యాయి. ఒకరి సొంతానికి కట్టుకున్న ఇల్లేమో దేశదేశాల అతిథులకు సత్రమయింది. అందరి కోసం కట్టిన సత్రమేమో ఎవరికీ కాకుండా పోయింది. ఈ రెండు కట్టడాలూ ఒకే నగరంలో, ఒకే వంశం పేరు మీద ఉన్నాయి. దీన్ని చూసి నవ్వాలో ఏడవాలో నాకు తెలియడం లేదు.

అందరికీ తలుపు తీస్తే పాత భవనం పాడైపోతుందనే వాదన ఒకటి ఉంది. దానికి జవాబు మన నగరమే చెబుతోంది. చౌమహల్లా ప్యాలెస్ కూడా నిజాం కుటుంబానిదే, బాగుచేయించి 2005లో ప్రజల సందర్శనకు తెరిచారు. మామూలు టికెట్టు కొనుక్కుని జనం వెళ్తున్నారు, దర్బారు హాలులో షాండిలియర్ల కింద పిల్లలు నోరు తెరుచుకుని నిలబడుతున్నారు. దానికి 2010లో యునెస్కో వారి పురస్కారం కూడా వచ్చింది. కోఠీ రెసిడెన్సీ చూడండి. కిర్క్‌పాట్రిక్ దొర పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో కట్టించుకున్న బంగళా. 1949లో మహిళా కళాశాల అందులోకి వచ్చింది. తెల్లదొరలు కూర్చున్న హాలులో తరాల తరబడి ఆడపిల్లలు పాఠాలు విన్నారు. అది కూడా చాలాకాలం శిథిలమయిందని, ఎంతో శ్రమతో బాగుచేశారని మరువకూడదు. కాని శిథిలమైంది విద్యార్థినులు నడిచినందుకు కాదు, కప్పుకు మరమ్మతు చెయ్యనందుకు.

అంతెందుకు, మన ఆర్ట్స్ కాలేజీనే చూద్దాం. ఆ గులాబీ రంగు రాతి మేడ 1939లో తెరుచుకుంది. ప్లాను ఇచ్చినవాడు జాస్పర్ అనే బెల్జియం దేశస్థుడు. అదీ నిజాం ఖజానా సొమ్మే, అంటే రైతు శిస్తే. కాని ఆ మెట్ల మీద ఎవరు కూర్చోలేదు? పల్లెటూరి నుంచి ట్రంకు పెట్టెతో దిగినవాడు కూర్చున్నాడు, మంత్రి అయినవాడు కూర్చున్నాడు. ఎన్ని ఉపన్యాసాలు, ఎన్ని ఊరేగింపులు, ఎన్ని ప్రేమలు ఆ మెట్ల మీద మొదలయ్యాయో చెప్పతరమా! ఇన్ని లక్షల పాదాలు నడిచినా రాయి అరిగిపోలేదు, పైగా మెరుగెక్కింది. ఒక కట్టడం మనదని ఎప్పుడు అనిపిస్తుంది? దాని మెట్టు మీద ఒకసారి కూర్చుంటే అనిపిస్తుంది. మనదనిపించిన దాన్ని పడగొడతామంటే అడ్డం పడతాం. గేటు బయటినుంచి చూసినదాని కోసం ఎవడు అడ్డం పడతాడు?

"అది ప్రైవేటు ఆస్తి కదా, బలవంతం ఎలా చేస్తావు?" అని లా కాలేజీ మిత్రుడొకడు నన్ను నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. నేను బలవంతం అనడం లేదు, ఒడంబడిక అంటున్నాను. ఫ్రాన్సు దేశంలో 1984 నుంచి ఏటా సెప్టెంబరులో ఒక శని ఆదివారాలు చరిత్రాత్మక భవనాల తలుపులు జనానికి తెరుస్తున్నారు. మామూలు రోజుల్లో కాలుపెట్టనివ్వని చోట్లు కూడా, ప్రైవేటు వాళ్ళవి కూడా ఎన్నో అందులో ఉంటాయి. ఇంగ్లండులో వారసత్వపు పన్నులో మినహాయింపు కావాలంటే ఆ ఇంటిని జనానికి చూపించాలనే షరతు ఉంది. మన దగ్గర ఎందుకు పెట్టకూడదు? వారసత్వ భవనాన్ని హోటలు చేసుకునేవారికి పన్నుల్లో సదుపాయం ఇవ్వండి, రోడ్డు వెయ్యండి, నీళ్ళివ్వండి. బదులుగా ఒక మాట పుచ్చుకోండి.

ఏమిటా మాట? నాకు తోచినవి మూడు. మొదటిది, ఏడాదిలో కొన్ని రోజులు, గిరాకీ తక్కువగా ఉండే ఎండాకాలంలోనే కానివ్వండి, సర్కారు బడుల పిల్లలకూ, కాలేజీ విద్యార్థులకూ ఉచితంగా చూపించాలి. జట్లు జట్లుగా, వెంట మనిషిని పెట్టుకుని. అతిథుల గదుల్లోకి తొంగిచూడాలని ఎవరికీ లేదు, మెట్లదారి, గ్రంథాలయం, భోజనశాల చాలు. రెండవది, బాగుచేసినప్పుడు గీసిన ప్లానులూ, తీసిన ఫొటోలూ, ఏ పని ఎలా చేశారన్న వివరాలూ ఒక ప్రతి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇవ్వాలి, తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక చిన్న పుస్తకం వెయ్యాలి. పది సంవత్సరాల పనితనం ఒక కంపెనీ బీరువాలో ఉండిపోతే రేపు ఇంకొక భవనం బాగుచేసేవాడు మళ్ళీ మొదటికి రావాలి. మూడవది, డంగుసున్నం పని, గచ్చు పని, రంగుటద్దాల పని తెలిసిన మేస్త్రీల దగ్గర మన కుర్రవాళ్ళు కొందరు నేర్చుకునే ఏర్పాటు చెయ్యాలి. ఇందులో ఏ ఒక్కటీ హోటలు లాభాన్ని ఊడ్చేసేది కాదు.

మన బాధ్యత కూడా ఉందండోయ్! తలుపు తీస్తే మనం ఏం చేస్తాం? స్తంభాల మీద పేర్లు చెక్కుతామా? గోల్కొండ గోడల మీద ప్రేమలేఖలు రాసినవాళ్ళలో చదువుకున్నవాళ్ళే ఎక్కువ. హాస్టల్లో నేను ఈ వ్యాసం సంగతి చెప్పగానే ఒకడు, "ముందు మన బాత్‌రూం గోడలు తుడిచి తరువాత ఫలక్‌నుమా అడుగు" అన్నాడు. వాడు వేళాకోళానికే అన్నా అందులో నిజం లేకపోలేదు. హక్కు అడిగేవాడు చూపు కూడా నేర్చుకోవాలి. చరిత్ర విద్యార్థులమంతా ఒక్కొక్క సెలవుల్లో ఒక్కొక్క పాత ఇల్లు ఎంచుకుని, టేపు పట్టుకుని కొలిచి, కట్టినవాళ్ళ వివరాలు ముసలివాళ్ళను అడిగి రాసుకుంటే, ఐదేళ్ళలో మన జిల్లాల ఇళ్ళ చరిత్ర తయారవుతుంది. దానికి ఏ ప్రభుత్వం అనుమతీ అక్కరలేదు.

ఆ పని నేను మొదలుపెట్టాను. మొన్న ఉగాదికి ఇంటికి పోయి మా లోగిలిని కొలిచాను. మండువా పొడవు వెడల్పులు, స్తంభాల ఎత్తు, దూలాల లెక్క అన్నీ నోటుబుక్కులో గీశాను. నాయనమ్మ టేపు రెండో కొస పట్టుకుంది. పట్టుకుని, ఏ గదిలో ఎవరు పుట్టారో, ఏ స్తంభం దగ్గర తాతయ్య కూర్చుని లెక్కలు చూసేవాడో చెబుతూ వచ్చింది. టౌను ఆయనకు ఇంకా ఏ మాటా చెప్పలేదు మావాళ్ళు. ఇస్తే ఒక షరతు మీద ఇద్దామని నేను నాన్నతో అన్నాను. గదులు అద్దెకు ఇచ్చుకోనీ, వసారా అతను వాడుకోనీ, కాని వీధి వైపు రెండు అరుగులు మాత్రం ఊరివే. ఎండకు వచ్చినవాడు, బస్సు కోసం చూసేవాడు, ముసలీ ముతకా ఎప్పటిలాగే కూర్చుంటారు, ఎవరూ లేవగొట్టకూడదు. అది కాగితం మీద రాయించుకోవాలి.

నాన్న ఒప్పుకున్నాడు. పెదనాన్న ఇంకా ఒప్పుకోలేదు. నాయనమ్మ కాసేపు ఆలోచించి, "అరుగు ఉంటే సరేలేరా" అంది.

ఫలక్‌నుమా విషయంలోనూ నేను అడుగుతున్నది అంతే. లోపలి గదులు డబ్బున్న అతిథులవే కానివ్వండి. అరుగు మాత్రం మనకు ఉంచండి.